జేబులో ఫోను, దాని వెనక ఒక మాస్టారు: జగదీశ్ చంద్ర బోస్



ఈ పేజీలో మామూలుగా కొత్త ఫోన్లు, యాప్‌లు, పిల్లల ప్రాజెక్టులకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ గురించి చెప్పుకుంటాం. ఈసారి మాత్రం ఒక పాత గాడ్జెట్ గురించీ, దాన్ని చేసిన మనిషి గురించీ మాట్లాడుకుందాం. ఆ గాడ్జెట్‌కు నూట ముప్పై ఏళ్లు. దాన్ని షోరూమ్‌లో కొనలేదు. కలకత్తాలో ఒక కాలేజీ లెక్చరరు, పెద్దగా చదువుకోని ఒక రేకుల పనివాడు కలిసి తయారుచేశారు. 5జీ, 6జీ అంటూ ఇవాళ ఇంజినీర్లు మాట్లాడే మిల్లీమీటరు తరంగాలు ఆ చిన్న పెట్టెలో అప్పుడే పుట్టాయి.

ముందు పేరు దగ్గరే కొంచెం జాగ్రత్త. బోస్ అనగానే పెద్దవాళ్లకు నేతాజీ గుర్తుకొస్తారు. ఇంటర్ పిల్లలకు బోసాన్ కణానికి పేరిచ్చిన సత్యేంద్రనాథ్ బోస్ గుర్తుకొస్తారు. హెడ్‌ఫోన్ల మీద బోస్ అని చూసిన పిల్లలు ఆయనేనా అని అడుగుతారు. ఆ కంపెనీ పెట్టినది అమెరికాలో అమర్ బోస్ అనే ప్రొఫెసరు. మనం చెప్పుకునేది వీళ్లెవరి గురించీ కాదు, జగదీశ్ చంద్ర బోస్ గురించి. సత్యేంద్రనాథ్ బోస్ ఈయన క్లాసులో కూర్చుని పాఠం విన్న విద్యార్థే.

ఊరి బడిలో మొదటి పాఠాలు

జగదీశ్ చంద్ర బోస్ 1858 నవంబర్ 30న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ఫరీద్‌పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేట్. ఆ రోజుల్లో అంత పెద్ద ఉద్యోగి కొడుకును ఇంగ్లీషు బడికి పంపడం హోదాకు గుర్తు. భగవాన్ చంద్ర మాత్రం కొడుకును బెంగాలీ బడిలో వేశారు. పిల్లవాడు ముందు తన భాషనూ తన చుట్టూ ఉన్న మనుషులనూ తెలుసుకోవాలని, ఇంగ్లీషు తరువాత నేర్చుకోవచ్చని ఆయన నమ్మకం.

ఆ బడిలో జగదీశ్‌కు ఒక పక్కన తండ్రి ఆఫీసులో పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు కూర్చునేవాడు, ఇంకో పక్కన ఒక జాలరి కొడుకు. వాళ్ల దగ్గర విన్న పక్షుల కథలు, చేపల సంగతులు, నీటి జంతువుల ముచ్చట్లే తనకు ప్రకృతి మీద ఆసక్తి కలిగించాయని బోస్ పెద్దయ్యాక చెప్పుకున్నారు. బడి అయ్యాక ముగ్గురూ ఇంటికొస్తే తల్లి ఎవరికీ తేడా చూపకుండా అన్నం పెట్టేది. ఆమె ఆచారాలు పాటించే సంప్రదాయస్తురాలే, అయినా పిల్లల మధ్య కులమతాల గీత గీయలేదు.

చిన్నప్పుడు జగదీశ్‌ను బడికి మోసుకెళ్లిన పనివాడి కథ ఇంకా విచిత్రం. అతను ఒకప్పుడు దారిదోపిడీలు చేసినవాడు. మేజిస్ట్రేటుగా భగవాన్ చంద్రే అతన్ని జైలుకు పంపారు. విడుదలై వచ్చి, ఇక నన్ను ఎవరు పనిలో పెట్టుకుంటారని అతను అడిగితే, ఆయనే తన ఇంట్లో పని ఇచ్చి కొడుకును అప్పగించారు. దారి పొడవునా ఆ పాత దొంగ చెప్పే సాహస కథలు వింటూ పిల్లవాడు బడికి వెళ్లేవాడు.

పదకొండేళ్ల వయసు వచ్చేసరికి జగదీశ్‌ను కలకత్తా పంపారు. కొద్దికాలం తరువాత సెయింట్ జేవియర్స్‌లో చేరారు. అక్కడ ఎక్కువమంది ఇంగ్లీషు పిల్లలే. పల్లె నుంచి వచ్చిన కుర్రాడికి ఆ భాష, ఆ వాతావరణం కొత్త. మొదట్లో వెక్కిరింతలు తప్పలేదు. హాస్టల్లో స్నేహితులు తక్కువ కాబట్టి జేబు ఖర్చు డబ్బుతో చిన్న జంతువుల్ని పెంచుకుంటూ, మొక్కలు నాటుకుంటూ గడిపారు. ఆ కాలేజీలోనే ఫాదర్ లాఫోఁ అనే సైన్సు టీచరు దొరికారు. ప్రతి పాఠాన్నీ ప్రయోగం చేసి చూపించడం ఆయన పద్ధతి. ఫిజిక్స్ అంటే బోర్డు మీద రాసేది మాత్రమే కాదని, బల్ల మీద చేసి చూపేదని బోస్ అక్కడే నేర్చుకున్నారు.

డాక్టరు కావాలనుకుని

బి.ఏ. అయ్యాక ఐసీఎస్ పరీక్ష రాయాలని జగదీశ్ కోరిక. తండ్రి వద్దన్నారు. తాను జీవితమంతా ప్రభుత్వ అధికారిగా గడిపారు కాబట్టి కొడుకు ఎవరినీ పాలించకుండా, చదువుకున్నవాడిగా బతకాలని ఆయన ఆశ. అప్పటికే స్వదేశీ పరిశ్రమలు, టీ తోటలు అంటూ పెట్టిన డబ్బు పోయి ఇంట్లో అప్పులున్నాయి. అయినా 1880లో కొడుకును మెడిసిన్ చదవడానికి లండన్ పంపారు.

అది కుదరలేదు. ప్రయాణానికి ముందే అస్సాంలో పట్టుకున్న జ్వరం వదల్లేదు. శవాలను కోసి చూసే గదిలోని వాసనకు ఆరోగ్యం ఇంకా పాడైంది. మొదటి ఏడాదిలోనే మెడిసిన్ వదిలేసి కేంబ్రిడ్జ్‌లోని క్రైస్ట్స్ కాలేజీలో సైన్సు చదువుకు మారారు. పిల్లలు ఒక కోర్సులో చేరి మానేస్తే ఇంట్లో ఎంత గొడవ అవుతుందో మనకు తెలుసు. బోస్ విషయంలో ఆ మార్పే దేశానికి మేలు చేసింది. కేంబ్రిడ్జ్‌లో తరువాత నోబెల్ అందుకున్న లార్డ్ రేలీ దగ్గర ఫిజిక్స్ నేర్చుకున్నారు. వృక్షశాస్త్రం కూడా శ్రద్ధగా చదివారు. ఆ రెండు చదువులూ ఆయన జీవితంలో తరువాత ఒకేచోట కలిశాయి. 1884లో డిగ్రీ పూర్తయింది.

మూడేళ్లు జీతం ముట్టని లెక్చరరు

1885లో దేశానికి తిరిగొచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ అధ్యాపకుడిగా చేరారు. ఉద్యోగం తేలిగ్గా రాలేదు. భారతీయులు సైన్సు లాంటి కచ్చితమైన విషయం బోధించలేరని విద్యాశాఖలో పైవాళ్ల అభిప్రాయం. వైస్రాయికి ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న సిఫారసు లేఖ పనిచేసి చివరికి పోస్టు ఇచ్చారు.

జీతం దగ్గర ఇంకో పేచీ వచ్చింది. అదే పోస్టులో యూరోపియన్‌కు వచ్చే దానిలో భారతీయుడికి మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. బోస్‌ది తాత్కాలిక నియామకం కాబట్టి అందులోనూ సగం కోశారు. అంటే పక్క గదిలో అదే పాఠం చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసరు జీతంలో మూడో వంతు. బోస్ గొడవ చేయలేదు, ఉద్యోగమూ మానలేదు. రోజూ కాలేజీకి వెళ్లి పాఠం చెప్పారు, నెలాఖరున వచ్చిన జీతం మాత్రం ముట్టలేదు. ఒక నెల, రెండు నెలలు కాదు, మూడేళ్లు.

ఆ మూడేళ్లూ ఇల్లు గడవడం కష్టమైంది. 1887లో అబలా దాస్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె కథ కూడా తెలుసుకోదగ్గది. కలకత్తా మెడికల్ కాలేజీలో ఆడపిల్లలను చేర్చుకోని రోజుల్లో ఆమె స్కాలర్‌షిప్ మీద మద్రాసు వచ్చి మెడిసిన్ చదివారు. అనారోగ్యం వల్ల కోర్సు పూర్తికాలేదు. పెళ్లయ్యాక అద్దె తక్కువని హుగ్లీ నది ఒడ్డున చందర్‌నగర్‌లో ఇల్లు తీసుకున్నారు. బోస్ ఉదయం పడవ నడుపుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్లి రైలెక్కేవారు. పడవను వెనక్కి తెచ్చే పని అబలా బోస్‌ది. ఆమె తరువాత బెంగాల్‌లో ఆడపిల్లల చదువు కోసం 1919లో నారీ శిక్షా సమితి పెట్టి ఎన్నో బడులు తెరిచారు.

చివరికి కాలేజీ వాళ్లే దిగివచ్చారు. బోస్ పాఠాలకు పేరొచ్చింది, విద్యార్థులు ఆయన క్లాసు వదిలేవారు కాదు. ఉద్యోగాన్ని పర్మనెంట్ చేసి, చేరిన రోజు నుంచి లెక్కగట్టి పూర్తి జీతం ఒకేసారి ఇచ్చారు. ఆ డబ్బుతో ఆయన మొదట చేసిన పని తండ్రి అప్పులు తీర్చడం.

బాత్రూమ్ పక్కన ల్యాబ్

1888లో జర్మనీలో హైన్‌రిష్ హెర్ట్జ్ రేడియో తరంగాలను ప్రయోగంలో పట్టి చూపించారు. అవి వెలుతురు లాంటివే, కంటికి కనిపించవు, అంతే. ఇది నిజమైతే వెలుతురు చేసే పనులన్నీ అవీ చేయాలి. అద్దం మీద పడి తిరిగి రావాలి, ప్రిజంలో వంగాలి. చేసి చూపడం మాత్రం కష్టం. హెర్ట్జ్ తరంగాల్లో పొట్టివి కూడా 60 సెంటీమీటర్లకు పైనే ఉండేవి. తరంగం ఎంత పొడవుంటే దాన్ని వంచే ప్రిజం అంతకన్నా పెద్దది కావాలి. హెర్ట్జ్ వాడిన ప్రిజం వందల కిలోల బరువుండేది.

బోస్ ఈ లెక్కను తిరగేశారు. పరికరాన్ని పెంచే బదులు తరంగాన్నే కుదించాలనుకున్నారు. 1894 నవంబర్ 30న, తన ముప్పై ఆరో పుట్టినరోజున, ఇకపై పరిశోధనకే జీవితం అనుకుని పని మొదలుపెట్టారు. అప్పటికి కాలేజీలో పరిశోధనకు ల్యాబ్ లేదు, గ్రాంటు లేదు. వారానికి గంటల కొద్దీ క్లాసులు. బాత్రూమ్‌ను ఆనుకుని ఉన్న 24 చదరపు అడుగుల గది ఆయనకు దొరికింది. ఇవాళ మన ఇళ్లలో పూజగది కూడా కొన్నిసార్లు అంతకన్నా పెద్దదే. పరికరాలు చేయడానికి ఒక రేకుల పనివాడిని పిలిచి, తానే నేర్పి చేయించారు. ఖర్చు సొంత జేబులోంచే.

ఆ గదిలోంచి 5 మిల్లీమీటర్ల తరంగాలు వచ్చాయి. ఇవాళ్టి లెక్కలో అది 60 గిగాహెర్ట్జ్. హెర్ట్జ్ తరంగంతో పోలిస్తే వంద రెట్లకు పైగా పొట్టిది. పరికరం మొత్తం ఒక బల్ల మీద సర్దుకుంది, పెట్టెలో పెట్టుకుని ఓడెక్కించగలిగేంత చిన్నదైంది.

1895లో కలకత్తా టౌన్ హాల్లో జనం ముందు దాన్ని చూపించారు. ఒకచోట మీట నొక్కితే, మధ్యలో ఏ తీగా లేకుండా దూరంగా ఉన్న గంట మోగింది, తుపాకి మందు అంటుకుంది. అదే ఏడాది ఇటలీలో మార్కోనీ అనే ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు తండ్రి పొలంలో తీగలేని సంకేతాలు పంపడానికి ప్రయత్నిస్తున్నాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

రైల్వే టైంటేబులు, జనపనార

బోస్ ప్రయోగాల్లో పిల్లలకు తప్పక చెప్పదగ్గ భాగం ఆయన వాడిన వస్తువులు. గంధకాన్ని కరిగించి ప్రిజం పోశారు. తరంగాలను ఒకచోటికి పోగుచేయడానికి గరాటు ఆకారంలో రేకు గొట్టం చేశారు. ఇప్పటి ఇంజినీర్లు హార్న్ యాంటెన్నా అనే దానికి అది ముత్తాత లాంటిది. తరంగాలను గొట్టంలోంచి నడిపించే పద్ధతి కూడా అందులో ఉంది.

తరంగం ఏ దిశలో ఊగుతోందో తేల్చడానికి ఆయన ఒక మామూలు పుస్తకం వాడారు. అది బ్రాడ్‌షా రైల్వే టైంటేబులు. పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి తరంగానికి అడ్డంగా నిలబెట్టారు. పుస్తకాన్ని ఒక వైపు తిప్పితే తరంగం ఆగిపోతుంది, తొంభై డిగ్రీలు తిప్పితే దాటిపోతుంది. చక్కెర ద్రావణంలో వెలుతురు మెలి తిరిగినట్టు ఈ తరంగం కూడా మెలి తిరుగుతుందని చూపడానికి బెంగాల్‌లో ఎక్కడపడితే అక్కడ దొరికే జనపనారను పురి పెట్టి వాడారు. పురి కుడికి వేస్తే ఒక రకం, ఎడమకు వేస్తే ఇంకో రకం.

1896లో లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు డీఎస్సీ ఇచ్చింది. 1897 జనవరి 29న, శుక్రవారం సాయంత్రం, లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రసంగించి ఆ పెట్టెను పనిచేయించి చూపారు. ఫారడే లాంటివాళ్లు ప్రయోగాలు చూపించిన వేదిక అది. భారతీయులు సైన్సు చెప్పలేరన్న మాటకు అక్కడ జవాబు దొరికింది.

పేటెంటు వద్దన్న మనిషి

ఇక్కడి నుంచి కథ మన తరం ఎక్కువగా వాదించుకునే చోటికి వస్తుంది. బోస్ తన పరికరాల తయారీని ఎక్కడా దాచలేదు. ఉపన్యాసాల్లో విప్పి చూపేవారు, వ్యాసాల్లో బొమ్మలతో సహా రాసేవారు. 1901లో లండన్‌లో ఉన్నప్పుడు ఒక పెద్ద టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని వచ్చి, వివరాలు బయటపెట్టకుండా ఉంటే పేటెంటు తీయిస్తానని, లాభంలో వాటా ఇస్తానని అడిగాడు. బోస్ ఒప్పుకోలేదు. ఆ డబ్బు ఆశ ఒకసారి పట్టుకుంటే ఇక వదలదని భయపడినట్టు తన స్నేహితుడు రవీంద్రనాథ్ ఠాగూర్‌కు ఉత్తరం రాశారు.

దగ్గరివాళ్లు ఊరుకోలేదు. సిస్టర్ నివేదిత, అమెరికన్ స్నేహితురాలు సారా బుల్ పట్టుబట్టి అమెరికాలో దరఖాస్తు పెట్టించారు. 1904 మార్చి 29న పేటెంటు నంబరు 7,55,840 బోస్ పేరు మీద వచ్చింది. అది గెలీనా అనే సీసపు ఖనిజంతో రేడియో తరంగాలను పట్టే పరికరానికి. పాతబస్తీలో అమ్మే సుర్మా సంప్రదాయంగా ఈ రాయిని నూరి చేసేదే. సీసం ఉంటుంది కాబట్టి కంటికి పెట్టవద్దని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారు. సెమీకండక్టరు పరికరాలకు వచ్చిన తొలి పేటెంట్లలో ఇది ఒకటి. ఇవాళ చిప్‌ల గురించి ఎంత హడావుడి ఉందో మనం చూస్తున్నాం. బోస్ మాత్రం ఆ పేటెంటుతో పైసా సంపాదించే ప్రయత్నం చేయలేదు, గడువు అలాగే తీరిపోయింది.

1899లో ఆయన రాయల్ సొసైటీకి పంపిన వ్యాసంలో ఇనుము, పాదరసం కలిసిన ఇంకో గ్రాహకం ఉంది. 1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ సముద్రం మీదుగా మొదటి సంకేతం అందుకున్నప్పుడు వాడింది కూడా పాదరసపు గ్రాహకమే. ఇది బోస్ పరికరం నుంచే వచ్చిందని 1998లో ఒక ఇంజినీరింగ్ పత్రికలో వివరంగా వాదించారు. 1909లో రేడియో పనికి నోబెల్ మార్కోనీకి, జర్మనీకి చెందిన బ్రౌన్‌కు వచ్చింది. బోస్‌కు రాలేదు.

దీన్ని మనవాళ్లకు జరిగిన అన్యాయంగా మాత్రమే చెబితే పిల్లలకు సగం నిజమే చెప్పినట్టు. మార్కోనీ గురి సముద్రాల అవతలికి మాట పంపడం. దానికి పొడవైన తరంగాలు కావాలి, పెద్ద కంపెనీ కావాలి, ఏళ్ల తరబడి పట్టుదల కావాలి. అవన్నీ ఆయన సమకూర్చుకున్నారు. బోస్ గురి తరంగం స్వభావాన్ని తెలుసుకోవడం. మిల్లీమీటరు తరంగం ఎక్కువ దూరం వెళ్లలేదు, గోడలు, వాన దాన్ని బలహీనం చేస్తాయి, గాలిలోని ఆక్సిజన్ కూడా 60 గిగాహెర్ట్జ్ దగ్గర దాన్ని మింగేస్తుంది. ఆ కాలపు అవసరానికి అది పనికిరాని తరంగం. దానికి పని దొరకడానికి వందేళ్లు పట్టింది.

పేటెంటు వదులుకోవడం మంచిదా కాదా అన్నది తేలిగ్గా తేలే ప్రశ్న కాదు. ఇవాళ మన పిల్లలు ఏదైనా కనిపెడితే రక్షించుకోమనే చెబుతాం, అదే సరైన సలహా. ఆయనకు ఆ డబ్బు వచ్చి ఉంటే ఇంకా మంచి ల్యాబ్ కట్టేవారేమో కూడా. కానీ దాచిపెట్టనందువల్లే ఆయన గీసిన బొమ్మలు అందరి చేతికీ అందాయి. ఈ రెండు మాటలూ పిల్లల ముందు పెట్టి, నువ్వైతే ఏం చేస్తావని అడగవచ్చు.

అలసిపోయిన లోహం, ముడుచుకున్న ఆకు

ఒక రోజు బోస్ ఒక విషయం గమనించారు. గ్రాహకాన్ని ఆపకుండా వాడితే అది మందగిస్తోంది. కాసేపు వదిలేస్తే మళ్లీ చురుగ్గా పనిచేస్తోంది. కండరం అలసినట్టు లోహం కూడా అలసిపోతుందా అన్న అనుమానం వచ్చింది. కండరానికీ లోహానికీ మధ్యలో మొక్క ఉంది కదా, దాని సంగతేమిటి? అక్కడి నుంచి ఆయన దారి మళ్లింది. 1900లో పారిస్ ఫిజిక్స్ మహాసభలో ఈ పోలికలు చూపారు, 1902లో పుస్తకం ప్రచురించారు.

ఇంగ్లండులో శరీరశాస్త్రవేత్తలు కొందరికి ఇది నచ్చలేదు. ఫిజిక్స్ మాస్టారు తమ పొలంలోకి వచ్చాడని వాళ్ల కోపం. రాయల్ సొసైటీ ఆయన వ్యాసాన్ని అచ్చు వేయకుండా పక్కన పెట్టింది. బోస్ వాదనకు దిగడం కన్నా పరికరాలు మెరుగు చేయడం మేలనుకున్నారు. కలకత్తా పనివాళ్లతోనే క్రెస్కోగ్రాఫ్ అనే యంత్రం చేయించారు. మొక్క పెరుగుదలను అది పది వేల రెట్లు పెంచి చూపుతుంది. రోజుల తరబడి చూస్తే గానీ తెలియని ఎదుగుదల కళ్ల ముందే గీతగా నడుస్తుంది. ఎరువు వేస్తే గీత ఎటు పోతుందో, విషం పెడితే ఎటు పోతుందో నిమిషాల్లో తెలుస్తుంది.

1920లో కొందరు ఆయన యంత్రాన్నే అనుమానిస్తే, లండన్‌లో శాస్త్రవేత్తల ముందు దాన్ని నడిపి చూపారు. అదే ఏడాది రాయల్ సొసైటీ ఆయనను ఫెలోగా ఎన్నుకుంది. ఒకప్పుడు వ్యాసం పక్కన పెట్టింది ఆ సంస్థే. మొక్కలకు జంతువుల్లాంటి నాడీ వ్యవస్థ ఉందన్న ఆయన మాటలను సైన్సు అంగీకరించలేదు. మొక్కల్లో విద్యుత్ సంకేతాలు నడుస్తాయన్న మాట మాత్రం నిలబడింది. అత్తిపత్తి ఆకు ముడుచుకోవడం వెనక ఉన్నది అదే.

ఆయన కట్టిన ఇల్లు

1915లో ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి రిటైరయ్యారు. 1917 నవంబర్ 30న, మళ్లీ పుట్టినరోజు నాడే, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. ఇక్కడి పరిశోధనలకు పేటెంటు తీయబోమని, ఫలితాలు అందరివని ఆ రోజే ప్రకటించారు. ప్రవేశం దగ్గర దీపం పట్టుకున్న స్త్రీ బొమ్మ ఉంటుంది. తన పుస్తకాల పనిలో ఏళ్ల తరబడి సాయపడి 1911లో కన్నుమూసిన సిస్టర్ నివేదిత గుర్తుగా పెట్టించారు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

ఇంగ్లీషులో ప్రపంచాన్ని ఒప్పించిన ఈ మనిషి బెంగాలీని వదల్లేదు. 1896లోనే ఒక తలనూనె కంపెనీ పెట్టిన పోటీకి తుపానును కొంచెం తలనూనెతో చల్లార్చిన కథ రాసి బహుమతి గెలిచారు. బెంగాలీలో వచ్చిన తొలి సైన్స్ ఫిక్షన్ కథల్లో అదొకటి. 1921లో తన బెంగాలీ వ్యాసాలను పుస్తకంగా తెచ్చారు. తండ్రి బెంగాలీ బడిలో వేయడం వల్ల ఆయన ఇంగ్లీషుకు ఏ లోటూ రాలేదు. మన పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదవడం తప్పు కాదు. ఇంట్లో తెలుగులో ప్రశ్నలు అడగడం, పక్కింటి పిల్లలతో తెలుగులో కబుర్లు చెప్పుకోవడం కూడా చదువులో భాగమేనని ఆయన బాల్యం గుర్తుచేస్తుంది.

1937 నవంబర్ 23న, డెబ్బై తొమ్మిదో పుట్టినరోజుకు వారం ముందు, గిరిడీలో బోస్ కన్నుమూశారు.

ఇప్పుడు మన చేతుల్లో

ఆయన పోయిన తరువాత ఆ పొట్టి తరంగాలకు ఒక్కొక్కటిగా పని దొరికింది. ముందు వెళ్లే వాహనాన్ని గుర్తించి బ్రేకు వేసే కార్లలో 77 గిగాహెర్ట్జ్ రాడార్ ఉంటుంది. తక్కువ దూరంలో చాలా వేగంగా డేటా పంపే ఒక రకం వైఫై సరిగ్గా 60 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. మన దేశంలో 5జీ కోసం 2022లో వేలం వేసిన బ్యాండ్లలో 26 గిగాహెర్ట్జ్ ఒకటి. అది ఒక సెంటీమీటరుకు కొంచెం పైన ఉండే తరంగం. ఈ తరంగాలు దూరం వెళ్లవు కాబట్టే ఇలాంటి బ్యాండులో 5జీకి చిన్న టవర్లు దగ్గరదగ్గరగా కావాలి. బోస్ కాలంలో లోపం అనుకున్న గుణమే ఇది. అమెరికాలో 12 మీటర్ల రేడియో టెలిస్కోపు ఒకదానికి గ్రాహకం చేసినప్పుడు కూడా 1897 నాటి బోస్ వ్యాసాల్లోని ఆలోచనలు వాడారు. 2012లో ప్రపంచ ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ ఆయన మిల్లీమీటరు తరంగాల ప్రయోగాలను చరిత్రలో మైలురాయిగా గుర్తించింది.

పిల్లలతో ఇంట్లో చేసి చూడండి

1. పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు ఉంటే ల్యాప్‌టాప్ తెర ముందు పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో తెర నల్లబడుతుంది. బోస్ రైల్వే టైంటేబులు చేసిన పని ఇదే, తేడా అల్లా ఇక్కడ తరంగం వెలుతురు. కొన్ని ఫోన్ల తెరల మీద ఈ మార్పు సరిగా కనిపించదు. ఎందుకో వెతకమని పిల్లలకు చెప్పండి.

2. ఒక ఫోనును వంటగది అల్యూమినియం ఫాయిల్‌లో రెండు మూడు పొరలు చుట్టి, ఇంకో ఫోనుతో కాల్ చేయండి. మోగుతుందా? తరువాత ఫాయిల్‌లో చిన్న సందు వదిలి మళ్లీ చేయండి. అయిపోగానే ఫాయిల్ తీసేయండి. ఛార్జింగ్‌లో ఉన్న ఫోనుతో చేయవద్దు.

3. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు మీద సన్నని రంధ్రాల జాలీ చూపించండి. లోపలి తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, రంధ్రం మిల్లీమీటరు పాటిది. అందుకే తరంగం బయటికి రాదు, వెలుతురు వస్తుంది. తరంగం పొడవు అన్న మాట పిల్లలకు ఇక్కడ బాగా పట్టుబడుతుంది.

4. ఊరెళ్లినప్పుడు అత్తిపత్తి మొక్కను తాకి, ఆకు మళ్లీ విప్పుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయమనండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు. ఫోనులో స్టాప్‌వాచ్ చాలు.

పిల్లలు రాసిన పట్టికలను సైన్సు టీచరుకు చూపించమనండి. ఏ ప్రయోగమైనా అనుకున్నట్టు రాకపోతే అది కూడా రాయమనండి. బోస్ మొక్కల దగ్గరికి వెళ్లింది ఒక పరికరం సరిగా పనిచేయకపోవడం గమనించాకే.